ఫైల్‌జిల్లా చాలదా అంటే, మా ఆవకాయ కథ వినండి

సర్వర్‌లో ఉన్న వెబ్‌సైట్ ఫైళ్లు మార్చడానికి ఫైల్‌జిల్లా, విన్‌ఎస్‌సీపీ లాంటి మౌస్‌తో ఫైళ్లు దించి ఎక్కించే ప్రోగ్రాములు చాలవా, సర్వర్‌లో టైపు చేసే కమాండ్లు నేర్చుకోవాల్సిందేనా అని అడిగారు. నేర్చుకోండి. నేను ఆరేళ్లు తప్పించుకు తిరిగి ఒక్క సాయంత్రంలో దారికొచ్చాను.

మా బాబాయికి గుంటూరులో పచ్చళ్ల వ్యాపారం, సైట్ నేనే వర్డ్‌ప్రెస్‌లో చేసిపెట్టాను. ఆవకాయ ఆర్డర్లు జోరుగా వస్తున్న రోజుల్లో, "ఒరేయ్, కొరియర్ చార్జీ మార్చరా, రెండు నిమిషాల పనేగా" అని ఫోన్ చేశాడు. నేను సికింద్రాబాద్‌లో ఎక్కి వస్తున్నాను, రైల్లోనే ల్యాప్‌టాప్ తీసి ఫోన్ హాట్‌స్పాట్ పెట్టి ఫైల్‌జిల్లాలో థీమ్‌లోని ఫంక్షన్స్ అనే పీహెచ్‌పీ ఫైల్ (సైట్‌ని నడిపే కోడ్ ఇందులో ఉంటుంది) తెరిచి, ఒక్క అంకె మార్చి సేవ్ కొట్టాను. మహబూబాబాద్ దాటాం, సిగ్నల్ పోయింది. ఈ ప్రోగ్రాములు ఫైల్‌ని మన కంప్యూటర్‌కి దించి, సేవ్ చేశాక మళ్లీ ఎక్కిస్తాయి, మామూలుగా పాతదాని మీదే రాస్తాయి. మధ్యలో తెగితే సగం ఫైలే మిగులుతుంది. విన్‌ఎస్‌సీపీ వేరే పేరుతో ఎక్కించి తర్వాత పేరు మారుస్తుంది గానీ, సెట్టింగులు ముట్టుకోకపోతే అది 100 కేబీ దాటిన వాటికే, పీహెచ్‌పీ ఫైల్ అంత ఎక్కడుంటుంది!

సైట్ పడిపోయింది. ఖమ్మం దగ్గర సిగ్నల్ రాగానే ఆఫీసులో ఉన్న కుర్రాడికి ఫోన్ చేసి, బోగీ అంతా వినేలా "క్యాపిటల్ జీ, గుంటూరు జీ" అని అరుస్తూ పాస్‌వర్డ్ చెప్పాను (ఆ రాత్రే మార్చాను లెండి). అతను ఎస్‌ఎస్‌హెచ్‌లో (సర్వర్‌లోకి నేరుగా వెళ్లి కమాండ్లు కొట్టే దారి) వెళ్లి ముందు రోజు బ్యాకప్ నుంచి కాపీ చేసి, నానో అనే చిన్న ఎడిటర్‌లో ఆ అంకె మార్చి, పీహెచ్‌పీతోనే తప్పులున్నాయేమో చూసి, "అయిపోయిందన్నా" అన్నాడు. ఫైల్ సర్వర్ దాటి బయటికే రాలేదు. అసలు ఇలాగే సర్వర్‌లోనే నడిచే వీఐ ఎడిటర్‌ని బిల్ జాయ్ 1976 ప్రాంతంలో రాసిందే 300 బాడ్ అనే నత్తనడక వేగం మోడెమ్ మీద వాడుకోవడానికి, మా రైలు నెట్ దానికన్నా గొప్పదేం కాదు. కానీ మీరు వీఐతో మొదలుపెట్టకండి, బయటికి రావడం తెలియక టెర్మినల్‌నే (కమాండ్లు కొట్టే విండో) మూసేస్తారు. నానో చాలు.

ఎస్‌ఎస్‌హెచ్ ఇవ్వని చవక హోస్టింగ్ కొని నన్ను ఇవే అడిగేవాళ్లంటే ఒళ్లు మండుతుంది, అది వేరే సంగతి. ఒక్కచోట మాత్రం నేనూ మౌస్ పడతాను, పేజీలో తెలుగు ఉంటే. చాలా టెర్మినళ్లలో ఒత్తులు పక్కకు జారి, గుణింతాలు విడిపోయి, కర్సర్ ఎక్కడుందో తెలియదు. మొన్న "గోంగూర పచ్చడి" అన్న మాట దిద్దబోయి "చ" కింద ఒత్తు చెరిపేశాను, రెండు రోజులు అది "గోంగూర పచడి" గానే అమ్ముడుపోయింది.