బడి గోడపత్రిక: మీ ప్రశ్నలకు మా జవాబులు

వారం వారం బడి వార్తలతో గోడపత్రిక తెచ్చే విషయమై గోదావరి జిల్లాల హైస్కూళ్ల నుంచి, తల్లిదండ్రుల నుంచి వచ్చిన ప్రశ్నల్లో కొన్నింటికి ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: మా జెడ్పీ హైస్కూల్లో జూన్ నెలాఖరుకి గోడపత్రిక మొదలెట్టామండి. మూడు వారాలు బాగానే వచ్చింది. నాలుగో వారం సగం చార్టు ఖాళీ. ఆ తర్వాత ఆగిపోయింది. ఏం చేస్తే నిలబడుతుంది?
– తెలుగు ఉపాధ్యాయిని, రాజోలు

జవాబు: ఆగిపోయే పత్రికలు చాలావరకు ఒకే తీరున ఆగుతాయండి. పనంతా శనివారం మీద పడుతుంది, అదీ దస్తూరీ బాగున్న ఇద్దరు పిల్లల మీద. వాళ్లలో ఒకరికి జ్వరమొస్తే ఇక ఆ వారం పత్రిక లేనట్టే. పనిని వారం పొడుగునా పరవండి. 8, 9 తరగతుల నుంచి ఆరుగురు చాలు. పదో తరగతి వాళ్లని ఇందులోకి లాగకండి, వాళ్ల పరీక్షల ఒత్తిడి వాళ్లకుంది.

సోమవారం ప్రార్థన అయ్యాక పది నిమిషాలు కూర్చుని, ఆ వారం బడిలో ఏమేం ఉన్నాయో రాసుకోమనండి. ఆరుగురికి ఆరు వార్తలు, ఒక్కొక్కరికి ఒక్కటే. మంగళ, బుధ, గురువారాలు సేకరణ. శుక్రవారం భోజనాల తర్వాత మీరు చూడండి. ఇక్కడే చాలామంది మాస్టర్లు పొరపాటు చేస్తారు. పిల్లవాడు తెచ్చిన నాలుగు ముక్కల్ని తామే అందంగా తిరగరాస్తారు. మరుసటి వారం వాడు రెండు ముక్కలే తెస్తాడు, ఎలాగూ మాస్టారు రాస్తారని. తిరగరాయకండి. పక్కన ప్రశ్న వేసి వెనక్కివ్వండి: ఎంతమంది? ఏ రోజు? ఎవరు చెప్పారు? శనివారం చార్టు మీద రాత, సోమవారం ప్రార్థనకు ముందే గోడమీద. చార్టు రాసే దస్తూరీ వారం వారం మారాలి. గుండ్రంగా లేకపోయినా పరవాలేదు, చదవగలిగితే చాలు.

సగం చార్టు ఖాళీగా ఉండటానికి ఇంకో కారణం, ఎన్ని మాటలు పడతాయో ముందే లెక్క చూసుకోకపోవడం. మామూలు డ్రాయింగు చార్టు 22 అంగుళాల వెడల్పు, 28 అంగుళాల ఎత్తు, అంటే 56, 71 సెంటీమీటర్లు. పైన పత్రిక పేరుకు, తేదీకి 9, అడుగున 2 సెంటీమీటర్లు వదిలితే 60 మిగులుతుంది. నాలుగైదు అడుగుల దూరం నుంచి చదవాలంటే అక్షరం సెంటీమీటరు ఎత్తుండాలి. కానీ వరుసకు రెండు సెంటీమీటర్లు ఇవ్వాలి, ఎందుకంటే తెలుగు అక్షరానికి పైన గుడి, కింద వత్తు ఉంటాయి. ‘రాష్ట్రం’ అని రాస్తే ‘ష’ కింద రెండు వత్తులు దిగుతాయి. కింది వరుసలో సరిగ్గా అక్కడే ‘కి’ వచ్చిందంటే గుడీ వత్తూ కలిసిపోయి మాట పోతుంది. ఆ లెక్కన 30 వరుసలు. 16 సెంటీమీటర్ల వెడల్పుతో మూడు కాలమ్‌లు గీస్తే 90. శీర్షికలకు 12 పోగా 78 వరుసలు, వరుసకు మూడు మాటల చొప్పున సుమారు 230 మాటలు. అంటే ఆరు వార్తలు, ఒక్కొక్కటి 35 నుంచి 40 మాటలు. ఈ సంఖ్య పిల్లలకి ముందే చెప్పండి. గీతలు పెన్సిల్‌తో లేతగా గీసి, సిరా ఆరాక తుడవాలి.

ప్రశ్న: వార్త రాయమన్నారు సార్. మా బళ్లో జెండా పండగ తప్ప ఏమీ జరగదండి. ఏం రాయాలి?
– తొమ్మిదో తరగతి విద్యార్థి, ముమ్మిడివరం

జవాబు: రోజూ జరిగేదాన్ని లెక్కపెట్టి చూడు, వార్త దొరుకుతుంది. మధ్యాహ్న భోజనమే తీసుకో. 6 నుంచి 8 తరగతుల వారికి తలకి బియ్యం 150 గ్రాములు, పప్పు 30, కూరగాయలు 75, నూనె ఏడున్నర గ్రాములని నిబంధన. ఆ తరగతుల్లో ఒకరోజు 120 మంది తిన్నారనుకుందాం: బియ్యం 18 కిలోలు, పప్పు 3 కిలోల 600 గ్రాములు, కూరగాయలు 9 కిలోలు, నూనె 900 గ్రాములు. హాజరు పట్టీలో అంకె చూసుకుని, వంట చేసే అమ్మగారిని అడిగి, ఆ రోజు ఎంత వండారో, ఎంత మిగిలిందో రాయి. ఏ కూర రోజున ఎక్కువ మిగులుతోందో నాలుగు వారాలు వరసగా రాస్తే హెచ్.ఎం. గారికి కూడా పనికొచ్చే సమాచారం అవుతుంది. 2024 నుంచి ఈ పథకానికి డొక్కా సీతమ్మగారి పేరుంది. ఆవిడ మన కోనసీమలోనే, లంకల గన్నవరంలో వేళకాని వేళ వచ్చినవాళ్లకి కూడా అన్నం పెట్టి, 1909లో కన్నుమూశారు. అది రెండు వాక్యాల్లో పక్కన పెట్టొచ్చు.

‘స్వాతంత్ర్య దినోత్సవం ఘనంగా జరిగింది’ అని మాత్రం రాయకు. ‘ఘనంగా’ అన్న మాటతో చదివేవాడికి ఏమీ తెలియదు. జెండా ఎన్నింటికి ఎగరేశారు, కబడ్డీలో ఏ తరగతి ఎన్ని పాయింట్లతో గెలిచింది, వాన వస్తే ఆట ఎక్కడికి మార్చారు, ఇవి రాయి.

వారానికోసారి ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్ర గురించి కూడా ఒక వార్త రాయాలి. అందులో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటాయి. పరగడుపున వేసుకుంటే కడుపులో తిప్పుతుంది, అందుకే భోజనం తర్వాత వేసుకోవాలి. టీతో వేసుకుంటే ఇనుము సరిగా ఒంటపట్టదు. మర్నాడు విరేచనం నల్లగా అవుతుంది. అది మాత్ర వల్లే, జబ్బు కాదు. ఇది తెలియక భయపడి మాత్రని కిటికీలోంచి పారేసే పిల్లలుంటారు. వాళ్ల కోసమైనా రాయి.

ప్రశ్న: మాకు లంక ఊళ్ల పిల్లలు పడవ మీద వస్తారు. వరద రోజుల్లో నీటిమట్టం గురించి, సెలవు గురించి ఫోన్లలో తలో మాట తిరుగుతోంది. గోడపత్రికలో దీన్ని ఎలా ఇవ్వాలి?
– ప్రధానోపాధ్యాయులు, అయినవిల్లి

జవాబు: వారపత్రికలో వద్దండి. సోమవారం రాసిన నీటిమట్టం బుధవారం దాకా గోడమీద ఉంటే అదే పుకారు అవుతుంది. పక్కన చిన్న నల్లబల్ల పెట్టి సుద్దతో రాయించండి. అందులో అయిదు అంశాలుండాలి: తేదీ, గంట, ఎక్కడి మట్టం, ఎన్ని అడుగులు, పెరుగుతోందా తగ్గుతోందా. కింద రాసినవారి పేరు. సాయంత్రం బడి వదిలేటప్పుడు చెరిపేయాలి. అంకె జలవనరుల శాఖ ప్రకటన నుంచో తహసీల్దారు కార్యాలయం నుంచో తీసుకోవాలి. పిల్లల్ని మాత్రం ఏటిగట్టు మీదికో రేవు దగ్గరికో చూసి రమ్మని పంపకండి.

అంకెల్లో ఒక తికమక ఏటా వస్తుంది. భద్రాచలం దగ్గర 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర అవే హెచ్చరికలు 11.75, 13.75, 17.75 అడుగులకు, అప్పుడు కిందికి వదిలే నీరు సుమారు 10, 13, 17 లక్షల క్యూసెక్కులు. ఒక్కోచోట నీటిమట్టం కొలిచే బద్ద మీద సున్నా ఒక్కో ఎత్తులో ఉంటుంది కాబట్టి రెంటినీ పోల్చకూడదు. ‘50 అడుగులు దాటిందంట’ అని విన్న ఆరో తరగతి పిల్ల తన ఇంటిమీద 50 అడుగుల నీరు ఊహించుకుంటుంది. అందుకే ఊరి పేరు లేకుండా అడుగులు రాయనివ్వకండి. భద్రాచలంలో తగ్గడం మొదలైనా ఆ నీరు మన దాకా రావడానికి వ్యవధి పడుతుంది; అక్కడ తగ్గుతున్నప్పుడే ఇక్కడ ఇంకా పెరుగుతూ ఉండొచ్చు. ఈ వాక్యాన్ని బల్ల పైభాగాన పెయింటుతో శాశ్వతంగా రాయించండి.

వారపత్రికలో అయితే ఇదే విషయాన్ని పాఠంగా ఇవ్వొచ్చు. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు, సుమారు 28.3 లీటర్లు. 10 లక్షల క్యూసెక్కులంటే సెకనుకు 2 కోట్ల 83 లక్షల లీటర్లు. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటింది, 2022 జూలైలో 25 లక్షలు దాటింది. ఆ రెండు వరదలప్పుడు ఊళ్లో నీరు ఎక్కడిదాకా వచ్చిందో పెద్దవాళ్లని అడిగి రాయమంటే మంచి వార్త వస్తుంది.

సెలవు సంగతి మీ సంతకంతో, ఉత్తర్వు వచ్చిన గంటతో మాత్రమే బల్ల ఎక్కాలి. పడవ ఆగిపోయిన రోజు ‘బడి ఉంది, అందరూ తప్పక రావాలి’ అని రాయకండి. ఆ మాట నమ్మి ఎవరో ఒకరు నాటుపడవలో కిక్కిరిసి బయల్దేరతారు. ‘లంక పిల్లలు ఇళ్ల దగ్గరే ఉండాలి, వరద వల్ల రాలేదని రాసుకుంటాం’ అని స్పష్టంగా రాయండి.

అన్నిటికంటే పనికొచ్చేది ‘ఈ వారం పాఠాలు’ అన్న పెట్టె. తరగతి, సబ్జెక్టు, పాఠం పేరు, పేజీ నంబరు, ఇంటిపని. అయిదు రోజులు రాలేకపోయిన పిల్ల తిరిగొచ్చి మొదట ఆ పెట్టె ముందే నిలబడుతుంది. ఎవరినీ బతిమాలకుండా తను ఏం పోగొట్టుకుందో తెలుసుకుంటుంది. వరద నెలల్లో రెండు వార్తలు తగ్గించి అయినా ఆ పెట్టెకు చోటివ్వండి.

ప్రశ్న: మా అమ్మాయి మార్కులు తక్కువొచ్చాయని గోడమీద పేరుతో సహా పెట్టారు. అన్నం మానేసింది. ఇలా పెట్టొచ్చా అండి?
– ఒక తల్లి, అమలాపురం

జవాబు: పెట్టకూడదమ్మా. మార్కుల పట్టిక, బడి మానేసినవాళ్ల పేర్లు, ఎవరికి రక్తం తక్కువుంది, ఎవరి ఆధార్ సరిపోలేదు, ఇవేవీ గోడ మీదికి ఎక్కవలసినవి కావు. అవి ఆ పిల్లకీ మీకూ విడిగా చెప్పాల్సినవి. హెచ్.ఎం. గారిని కలిసి ఆ కాగితం తీయించమని అడగండి. లైంగిక నేరానికి గురైన బిడ్డ ఎవరో తెలిసే ఏ వివరమూ ప్రచురించకూడదని పోక్సో చట్టం 23వ సెక్షన్ చెబుతోంది, బడి గోడలు కూడా అది గుర్తుపెట్టుకోవాలి. పిల్లలకి ఆపద వస్తే పిలవాల్సిన 1098 నంబరు మాత్రం ప్రతి సంచికలోనూ ఉండాలి. మీ అమ్మాయితో మార్కుల మాట ఈ వారం ఎత్తకండి. ముందు అన్నం తినిపించండి.

ప్రశ్న: వానాకాలంలో చార్టులు ముడుచుకుపోతున్నాయి, రంగులు కారిపోతున్నాయి. మైదా జిగురు పెడితే బొద్దింకలు కొరుకుతున్నాయి.
– డ్రాయింగు మాస్టారు, నరసాపురం

జవాబు: మీకు సముద్రపు గాలి తేమ కూడా తోడు. మొదట చోటు మార్చండి. జూలై జల్లు నైరుతి నుంచి కొడుతుంది, అక్టోబరు, నవంబరు వాయుగుండాల్లో తూర్పు, ఈశాన్యాల నుంచి కొడుతుంది. వరండా లోపలి గోడ అయితే రెంటికీ అందదు. గోడకి నేరుగా అంటించొద్దు. గోడ చెమ్మ కాగితం వెనక నుంచి ఎక్కుతుంది, అందుకే ముడుచుకుంటుంది. 24 అంగుళాల వెడల్పు, 30 అంగుళాల ఎత్తు ప్లైవుడ్ ముక్క తీసుకుని, వెనక అంగుళం మందం చెక్కబద్దలు కొట్టి గోడకు బిగించండి. మధ్యలో గాలి ఆడుతుంది. అడుగు అంచు నేలకు మూడడుగుల ఎత్తులో ఉంటే ఆరో తరగతి పిల్లలు మెడ ఎత్తకుండా చదువుకుంటారు.

స్కెచ్‌పెన్ సిరా నీళ్లది, తేమకి పాకుతుంది. అక్షరాలకి పర్మనెంట్ మార్కరు వాడండి, బొమ్మలకి మైనపు క్రేయాన్లు. డ్రాయింగు పిన్నులు మీ దగ్గర కొద్దిరోజుల్లోనే తుప్పు పట్టి కాగితం మీద మరకలు చేస్తాయి; ప్లాస్టిక్ క్లిప్పులు మేలు. చార్టు అడుగున వెదురుబద్ద కడితే బరువుకి తిన్నగా వేలాడుతుంది.

జిగురు తప్పనిసరైతే 50 గ్రాముల మైదాని 100 మిల్లీలీటర్ల చన్నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, మరుగుతున్న 400 మిల్లీలీటర్ల నీళ్లలో పోస్తూ సన్నసెగ మీద మూడు నాలుగు నిమిషాలు తిప్పండి. తెలుపు పోయి గాజులా మెరిసినప్పుడు దించి, అర చెంచా పటిక పొడి కలపండి. మన వేడికి రెండు రోజుల్లో పులుస్తుంది, ఏ వారానికి ఆ వారం చేసుకోవాలి. పురుగు పట్టకుండా మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) కలపమనేవాళ్లున్నారు. అది విషం, పిల్లల చేతికి వద్దు.

ప్రశ్న: మా బాబు ఎనిమిది చదువుతున్నాడండి. ఏదో పరీక్ష రాస్తే నెలకి వెయ్యి వస్తుందన్నారు. ఈ సంగతి బళ్లో గోడమీద రాయించకూడదా?
– వ్యవసాయ కూలీ, ఆత్రేయపురం

జవాబు: తప్పకుండా రాయించాలండి. దాని పేరు ఎన్ఎంఎంఎస్, అంటే నేషనల్ మీన్స్ కమ్ మెరిట్ స్కాలర్‌షిప్. ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బడుల్లో ఎనిమిదో తరగతి చదివేవారు రాయొచ్చు. హాస్టలు వసతితో నడిచే గురుకులాల వారికి లేదు. తల్లిదండ్రుల ఏడాది ఆదాయం మూడున్నర లక్షలు దాటకూడదు. ఏడో తరగతిలో 55 శాతం మార్కులుండాలి, ఎస్సీ, ఎస్టీలకు 50. పరీక్షలో రెండు భాగాలు: బుద్ధికుశలతకు 90 మార్కులు, పాఠాలకు 90, ఒక్కోదానికి గంటన్నర. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడు దాకా ఏడాదికి 12 వేలు.

డబ్బు ఆగిపోయేది ఎక్కువగా పరీక్ష తర్వాతేనండి. బడి రికార్డులో ఒక ఇంటిపేరు, ఆధార్‌లో ఇంకో ఇంటిపేరు ఉండటం, బ్యాంకు ఖాతాకు ఆధార్ కలపకపోవడం, జాతీయ స్కాలర్‌షిప్ పోర్టల్లో ఏటా రెన్యువల్ చేయించకపోవడం, ఈ మూడే. దరఖాస్తుకు ముందే ఆధార్ కార్డు పట్టుకెళ్లి బడి అడ్మిషను రిజిస్టరుతో అక్షరం అక్షరం సరిచూడమని క్లాసు టీచరుని అడగండి. ఆదాయ ధ్రువపత్రానికి మీ గ్రామ సచివాలయంలో ఇప్పుడే పెట్టండి. గోడపత్రికలో ఈ వార్త ఒకసారి రాసి ఊరుకోకూడదు. దరఖాస్తు గడువు ముగిసేదాకా ప్రతి సంచికలోనూ అదే మూల, అదే రంగులో ఉండాలి.

ప్రశ్న: సంక్రాంతి సెలవుల్లో పత్రిక ఆపేయాలా?
– పదో తరగతి విద్యార్థిని, అంబాజీపేట

జవాబు: సెలవుల్లో గోడమీద ఏమీ అక్కర్లేదు, కానీ బడి తెరిచిన వారం సంచికకి కావాల్సింది మీ మండలంలోనే దొరుకుతుంది. కనుమనాడు జగ్గన్నతోట తీర్థానికి వచ్చే ప్రభల్లో (వెదురు గెడలతో కట్టి, దేవుణ్ణి పెట్టి భుజాల మీద మోసేవి) మీ ఊరి దగ్గరివి ఏవైనా కట్టే చోటికి తమ్ముళ్లనీ చెల్లెళ్లనీ పంపు. ఎన్ని వెదురు గెడలు పట్టాయి, ఎత్తెంత, ఎంతమంది మోశారు, గంగలకుర్రు ప్రభ కౌశిక నది దాటేటప్పుడు నీరు మోసేవాళ్లకి ఎంతలోతు వచ్చింది, ఇవి కట్టినవాళ్లనీ మోసినవాళ్లనీ అడిగి అక్కడికక్కడే పుస్తకంలో రాసుకురమ్మను. నువ్వు పబ్లిక్ పరీక్షల చదువులో ఉంటావు కాబట్టి అడగాల్సిన ప్రశ్నలు రాసి ఇవ్వు, చాలు.