బంటు బలి నిలిచేది ఎప్పుడు?

ప్రశ్న: చదరంగంలో తెల్ల పావులు వచ్చినప్పుడు నేను ఎక్కువగా కింగ్స్ గాంబిట్ అనే ఓపెనింగ్ (ఆట తొలి ఎత్తుల వరుస) ఆడతాను. రెండో ఎత్తులో ఎఫ్ బంటును (బల్ల నిలువు వరుసలకు తెలుపు ఎడమ నుంచి ఏ మొదలు హెచ్ దాకా పేర్లు) రెండు గడులు నడపగానే కంప్యూటర్ ఇంజిన్ నలుపుదే పైచేయి అని చూపుతోంది. పావులను బలి ఇచ్చి దాడికి దిగే ఓపెనింగులన్నీ లోపమున్నవేనా? వాటిని మానుకోవాలా?

జవాబు: మానుకోనవసరం లేదు, కానీ గాంబిట్లన్నిటినీ, అంటే ఆరంభంలోనే బంటునో పావునో బలి ఇచ్చే ఓపెనింగులన్నిటినీ, ఒకే గాటన కట్టకూడదు. బంటును వదులుకున్నందుకు పావులు త్వరగా బయటికి రావచ్చు, మధ్య గడులపై పట్టు చిక్కవచ్చు, ఎదుటి రాజు చుట్టూ బలహీనతలు ఏర్పడవచ్చు. వీటిలో మొదటిది ఎక్కువసేపు నిలవదు. ప్రత్యర్థి తొందరపడకుండా పావులను బయటికి తెచ్చుకుంటే ఆ ఆధిక్యం కొద్ది ఎత్తుల్లోనే కరిగిపోతుంది. అందుకే ఏ గాంబిట్‌నైనా అంచనా వేసేటప్పుడు, ప్రత్యర్థి తీసుకున్న బంటును తగిన సమయంలో తిరిగి ఇచ్చేస్తే మన చేతిలో ఏమి మిగులుతుందో చూడాలని నా గట్టి అభిప్రాయం.

కింగ్స్ గాంబిట్‌లో చిక్కు ఇక్కడే ఉంది. ఎఫ్ బంటు కదలడంతో మన రాజు వైపే ఐమూల దారి తెరుచుకుంటుంది, కాబట్టి దాడి చల్లబడ్డాక ఆ లోపం మనదిగానే మిగిలిపోతుంది. 1851లో లండన్‌లో ఆండర్సన్ మంత్రిని, రెండు ఏనుగులను, ఒక శకటును బలి ఇచ్చి కీసెరిట్‌స్కీపై గెలిచిన ప్రసిద్ధ ఆట ఈ ఓపెనింగ్‌దే. ఎంత అందమైనదైనా, నేటి ప్రమాణాలతో చూస్తే అందులో నలుపు రక్షణ బలహీనమైనది. 1960లో ఇదే గాంబిట్‌లో స్పాస్కీ చేతిలో ఓడిన ఫిషర్, మరుసటి ఏడాది రాసిన వ్యాసంలో నలుపు మూడో ఎత్తులో డీ బంటును ఒక గడి నడిపితే చాలని, ఈ ఓపెనింగ్ పని అయిపోయినట్టేనని వాదించాడు. అయినా 1963లో తానే తెల్ల పావులతో కింగ్స్ గాంబిట్ ఆడి గెలిచాడు, కాకపోతే మూడో ఎత్తులో గుర్రానికి బదులు శకటును బయటికి తెచ్చాడు. నా దృష్టిలో ఈ ఓపెనింగ్ తెలుపును ఓడించదు; మొదటి ఎత్తు వల్ల వచ్చే సహజమైన ఆధిక్యాన్ని మాత్రం వదులుకుంటుంది. ప్రత్యర్థి కచ్చితమైన రక్షణను బల్ల ముందు కూర్చుని స్వయంగా కనిపెట్టవలసిన స్థాయిలో ఆ నష్టం చిన్నదే.

ఇవాన్స్ గాంబిట్ ఇంతకంటే గట్టిది. అందులో వదిలేది రాజుకు దూరంగా, బల్ల అంచు వైపునున్న బీ బంటు కనుక రాజు భద్రతకు భంగం ఉండదు. 1995లో రీగాలో కాస్పరోవ్ దీనితోనే ఆనంద్‌ను 25 ఎత్తుల్లో ఓడించాడు. నాలుగో ఎత్తులోనే ఒక్క బంటుకు గుర్రాన్ని ఇచ్చేసే హాలోవీన్ గాంబిట్‌ను మాత్రం నేను సిఫారసు చేయను. నలుపు తన గుర్రాలను వెనక్కు తీసుకుని, ఒక బంటును తిరిగి ఇచ్చేస్తే తెలుపుకు చెప్పుకోదగ్గ ఆధారం మిగలదు.

ప్రశ్న: నల్ల పావులతో గాంబిట్ ఆడటం మరింత ప్రమాదకరమా?

జవాబు: ఒక ఎత్తు వెనుకబడి ఉంటాం కనుక సాధారణంగా అవును. అయితే అత్యంత నమ్మదగిన గాంబిట్లలో రెండు నలుపువే. 1918లో మార్షల్ ప్రయోగించిన దాడిని కాపాబ్లాంకా తిప్పికొట్టి గెలిచినా, ఆ మార్షల్ ఎటాక్ నేటికీ చెక్కుచెదరలేదు. దాన్ని తప్పించుకోవడానికే అగ్రశ్రేణి ఆటగాళ్లు ఎనిమిదో ఎత్తులో వేరే దారి పడుతుంటారు. బెంకో గాంబిట్‌లో ఏ, బీ వరుసలపై నలుపు ఒత్తిడి మంత్రులు మార్పిడి అయ్యాక కూడా కొనసాగుతుంది. లాట్వియన్ గాంబిట్‌లో అలాంటి ఆసరా లేదు. రెండో ఎత్తులోనే తన రాజు ముందు దారి తెరిచిన నలుపుపై తెలుపు సహజమైన ఎత్తులతోనే పైచేయి సాధిస్తుంది.