రిక్రూటర్లు జవాబివ్వరు, ఇంట్లో మాటలు కరువయ్యాయి

ప్రశ్న: మావారికి నలభై రెండేళ్లు. కంపెనీ ఆయన విభాగాన్ని మూసివేయడంతో ఉద్యోగం పోయింది. అప్పటి నుంచి రిక్రూటర్లు తామే ఫోన్ చేసి "మీ ప్రొఫైల్ సరిగ్గా సరిపోతుంది" అంటారు, ఆ రోజే రెజ్యూమె పంపమంటారు. ఒకరిద్దరు మూడేసి రౌండ్ల ఇంటర్వ్యూలు కూడా చేయించారు. ఆ తర్వాత ఫోన్ ఎత్తరు, మెయిల్‌కు జవాబివ్వరు. ఆయనకు రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. "ఏమైనా చెప్పారా" అని అడిగితే కసురుకుంటారు, అడగకపోతే నాకు పట్టదంటారు. మా అత్తగారు "అందరికీ దొరుకుతున్నాయి, నీకే ఎందుకు దొరకదు" అంటారు. పదమూడేళ్ల మా అమ్మాయి నాన్న గదిలోకి వెళ్లడమే మానేసింది. ఇప్పుడు ఒక ఏజెంటు, ముందుగా సొమ్ము కడితే ఉద్యోగం ఖాయం అంటున్నాడు. అప్పు చేసైనా కడదామని ఈయన పట్టుబడుతున్నారు. లోపం ఈయనలోనే ఉందా? నేనేం చేయాలి?

జవాబు: మీ ఉత్తరంలో అన్నిటికంటే త్వరగా తేలవలసినది ఏజెంటు సంగతి కనుక ముందుగా దాని గురించే చెబుతాను. ఆ సొమ్ము కట్టకండి, అప్పు చేసి అసలే కట్టకండి. ఉద్యోగంలోకి ఎవరిని తీసుకోవాలన్న నిర్ణయం జీతమిచ్చే సంస్థ చేతిలో ఉంటుంది; మధ్యవర్తి ఎంతటి పరిచయాలున్నవాడైనా ఒక పేరును సిఫారసు చేయగలడే గాని ఉద్యోగాన్ని ఖాయం చేయలేడు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1997లో ఆమోదించిన 181వ ఒడంబడిక, ప్రైవేటు ఉద్యోగ ఏజెన్సీలు పని కోరేవారి నుంచి నేరుగా గాని పరోక్షంగా గాని రుసుము వసూలు చేయరాదని సాధారణ నియమంగా పెట్టింది. దానికి కొన్ని మినహాయింపులున్నాయి, అన్ని దేశాలూ ఆ ఒడంబడికను స్వీకరించనూ లేదు. అయినా మీ ముందున్న మనిషిని అంచనా వేయడానికి అది చాలు. రిజిస్ట్రేషన్ అన్నా, శిక్షణ అన్నా, తిరిగి ఇచ్చేసే డిపాజిట్ అన్నా అడుగుతున్నది మీ డబ్బునే. మీవారు ఇప్పటికే గుర్తింపు పత్రాలూ ఖాతా వివరాలూ అతనికి పంపి ఉంటే ఈరోజే బ్యాంకుకు తెలియజేయండి. అతను ఏదైనా కంపెనీ పేరు చెప్పి ఉంటే, అతనిచ్చిన నంబరును నమ్మకుండా ఆ కంపెనీ సొంత వెబ్‌సైట్‌లో ఉన్న నంబరుకు ఫోన్ చేసి అటువంటి ఖాళీ ఉన్నదో లేదో కనుక్కోండి.

లోపం మీవారిలో ఉందా అని అడిగారు. ఆయన పని నేను చూడలేదు కనుక సామర్థ్యం గురించి మాట్లాడలేను. కానీ రిక్రూటర్ జవాబివ్వకపోవడాన్ని బట్టి ఆ సామర్థ్యాన్ని ఎవరూ కొలవలేరని మాత్రం గట్టిగా చెప్పగలను. ఈ విషయం మీ ఇంట్లో అందరికీ తెలియడం అవసరం కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను.

కన్సల్టెన్సీల్లో పనిచేసే రిక్రూటర్లలో చాలామందికి, తాము పంపిన అభ్యర్థి ఉద్యోగంలో చేరితేనే ఆదాయం వస్తుంది. ఆ రుసుమును కంపెనీ చెల్లిస్తుంది. అది సాధారణంగా కొత్త ఉద్యోగి వార్షిక వేతనంలో కొంత శాతంగా ఉంటుంది, చేరినవారు కొద్ది నెలల్లోనే మానేస్తే వెనక్కి ఇవ్వాలన్న షరతు కూడా తరచుగా ఉంటుంది. ఎంత ఆప్యాయంగా మాట్లాడినా రిక్రూటర్ పనిచేసేది డబ్బు చెల్లించే కంపెనీ కోసమేనన్న సంగతి మీవారు మొదటే గ్రహిస్తే సగం బాధ తగ్గుతుంది. ఒకే ఖాళీ కోసం చాలాసార్లు అనేక కన్సల్టెన్సీలు పోటీపడతాయి, ఒక అభ్యర్థి పేరును ముందుగా పంపినవారికే రుసుము దక్కుతుంది కనుక "ఈరోజే పంపండి" అన్న తొందర అక్కడి నుంచి పుడుతుంది. "మీ ప్రొఫైల్ సరిగ్గా సరిపోతుంది" అన్న మాటను అదే పూట మరెందరికో చెప్పి ఉంటారు. కంపెనీ వారిలో ఇద్దరిని ఎంచుకున్న తర్వాత మిగిలినవారికి ఫోన్ చేయడం వల్ల రిక్రూటర్‌కు వచ్చేదేమీ లేదు, ఇబ్బందికరమైన మాట చెప్పవలసి రావడం తప్ప. అందువల్ల చాలామంది తప్పించుకుంటారు. వయసులోనూ అనుభవంలోనూ పెద్దవాడైన మనిషికి ఆ మాట చెప్పడానికి చిన్నవయసు రిక్రూటర్లు మరింత జంకుతారని నా అభిప్రాయం.

మూడు రౌండ్లు పూర్తయ్యాక వచ్చే మౌనం ఇంకా ఎక్కువగా కోస్తుంది, ఎందుకంటే అప్పటికి ఇంట్లో అందరూ ఆశ పెంచుకుని ఉంటారు. ఆ దశలో కూడా బడ్జెట్ ఆగిపోవచ్చు, ఆ స్థానాన్ని కంపెనీలో ఉన్నవారికే ఇవ్వవచ్చు, మనిషి కావాలని అడిగిన మేనేజరే వేరే చోటికి మారిపోవచ్చు. ఇవేవీ రిక్రూటర్‌కు సైతం చెప్పని సందర్భాలు ఉంటాయి. కారణం రాసి ఇస్తే వివాదం అవుతుందన్న భయంతో నోరు విప్పవద్దని సిబ్బందిని ఆదేశించే సంస్థలూ ఉన్నాయి. అయినంత మాత్రాన ఈ ప్రవర్తన సరైనదని నేను అనను. ఒక మనిషి చేత మూడుసార్లు తయారై రప్పించుకున్నవారు రెండు వాక్యాల మెయిల్ రాయకపోవడం అమర్యాద, మీవారి కోపం న్యాయమైనది. కెనడాలోని ఒంటారియో రాష్ట్రం దీనికి చట్టంలోనే చోటిచ్చింది: 2026 జనవరి 1 నుంచి అక్కడ 25 మంది లేక అంతకు మించి ఉద్యోగులున్న సంస్థలు, బహిరంగంగా ప్రకటించిన ఉద్యోగానికి ఇంటర్వ్యూ చేసిన ప్రతి అభ్యర్థికీ చివరి ఇంటర్వ్యూ నుంచి 45 రోజుల్లోగా నిర్ణయం జరిగిందో లేదో తెలియజేయాలి, ఖాళీ నిజంగా ఉన్నదో లేదో ప్రకటనలోనే చెప్పాలి. ఈ బాధ ఎంత విస్తృతమైతే శాసనం దాకా వెళ్లి ఉంటుందో మీవారికి చెప్పండి.

కోపం న్యాయమైనదే అయినా అది చేరవలసిన చోటికి చేరక మీ మీదికి వస్తోంది. మిషిగన్ విశ్వవిద్యాలయానికి చెందిన అమిరం వినోకర్, ఆయన సహచరులు ఉద్యోగం కోల్పోయినవారినీ వారి జీవిత భాగస్వాములనూ కలిపి పరిశీలించి 1996లో ఒక అధ్యయనం ప్రచురించారు. డబ్బు ఇబ్బంది ఇద్దరినీ కుంగదీస్తుందని, కుంగిన భాగస్వామి అండగా నిలవడం తగ్గి ఎత్తిపొడుపులు పెరుగుతాయని, ఆ మాటలు ఉద్యోగం వెదికేవారిని మరింత కుంగదీస్తాయని అందులో తేలింది. మిమ్మల్ని తప్పుపట్టడానికి ఈ మాట చెప్పడం లేదు. మీరు కూడా అలసిపోయారని, మీకూ ఎవరో ఒకరి ఆసరా కావాలని మీ ఇంట్లో ఎవరూ గుర్తించినట్టు లేదు, అందుకే చెబుతున్నాను. మీ పుట్టింటివారితో గాని, మంచి స్నేహితురాలితో గాని మనసు విప్పి మాట్లాడండి. అది భర్త పరువు తీయడం కాదు.

మీరు అడిగినా తప్పు, అడగకపోయినా తప్పు అవుతున్న పరిస్థితికి నేను సూచించేది ఒక ఒప్పందం. రోజులో ఒక సమయాన్ని ఇద్దరూ కలిసి నిర్ణయించుకోండి. ఆ కాసేపట్లో ఉద్యోగం గురించి ఆయనే చెబుతారు, మిగిలిన రోజంతా ఎవరూ అడగరు. ఆ సమయంలో కూడా "వాళ్లేమన్నారు" అన్న దానితో మొదలుపెట్టకుండా "ఈరోజు ఏం చేశారు" అని అడగండి, ఎందుకంటే అవతలివారి జవాబు ఆయన చేతిలో లేదు, తన ప్రయత్నం ఉంది. వినేటప్పుడు వెంటనే పరిష్కారం చెప్పకండి.

మీ అత్తగారితో మీవారు లేనప్పుడు మాట్లాడండి. ఆమె మాటల వెనక కొడుకు భవిష్యత్తు గురించిన భయం ఉంది. పెద్దవయసులో ఆ భయాన్ని బయటపెట్టే మార్గం తెలియక పోల్చి చూపుతున్నారు. "అత్తయ్యా, ఆయన ప్రయత్నిస్తూనే ఉన్నారు, వాళ్లే జవాబివ్వడం లేదు, మీరు ఒక్క మంచిమాట అంటే ఆయనకు బలం వస్తుంది" అని సూటిగా, మర్యాదగా చెప్పండి. మీ అమ్మాయికి మాత్రం మీ ఇద్దరూ కలిసి చెప్పాలి: నాన్నకు ఉద్యోగం పోయింది, వెదుకుతున్నారు, ఆ చికాకులో కేకలేస్తున్నారు, అందులో నీ తప్పేమీ లేదు. ఆ చివరి మాట ఆమె తండ్రి నోటి నుంచే వినాలి.

ఈ భాగాన్ని మీవారిని చదవమనండి. రిక్రూటర్ ఫోన్ చేసినప్పుడు కంపెనీ పేరు, ఆ ఖాళీ ఎందుకు వచ్చింది, జీతం ఏ పరిధిలో ఉంది, తదుపరి సమాచారం ఏ తేదీకి వస్తుంది అని అడగండి. కంపెనీ పేరు చెప్పనివారికి మీ రెజ్యూమె పంపనవసరం లేదు. "నా వివరాలను ఈ ఒక్క ఉద్యోగానికే, నాకు చెప్పిన తర్వాతే పంపండి" అని మెయిల్‌లో రాసి ఉంచండి, ఎందుకంటే ఇద్దరు కన్సల్టెంట్లు ఒకే అభ్యర్థిని పంపితే రుసుము తగాదా ఎందుకని కంపెనీ ఆ పేరునే పక్కన పెట్టడం జరుగుతుంటుంది. చెప్పిన తేదీ దాటితే ఒక మెయిల్, వారం తర్వాత మరొకటి రాయండి. అప్పటికీ జవాబు రాకపోతే ఆ ఉద్యోగాన్ని మీరే ముగిసినట్టు నమోదు చేసుకుని తదుపరి దానికి వెళ్లండి. ముగింపు వారు ఇచ్చేదాకా ఆగితే మీ రోజులన్నీ వారి చేతిలోకి పోతాయి.

వెదకడాన్ని కూడా రిక్రూటర్లకే వదిలేయకండి. అమెరికా సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానొవెటర్ 1973లో ప్రచురించిన పరిశోధనలో, పరిచయస్థుల ద్వారా ఉద్యోగం దొరికినవారిలో తరచుగా కలిసే మనుషుల వల్ల దొరికినవారు దాదాపు ఆరింట ఒక వంతే. మిగిలినవారికి ఎప్పుడో ఒకప్పుడు కలిసేవారి ద్వారానే కబురు అందింది. కాబట్టి పాత సహోద్యోగులకు, ఒకప్పటి పై అధికారులకు, కలిసి చదువుకున్నవారికి ఫోన్ చేయండి. ఉద్యోగం పోయిందని చెప్పడానికి సిగ్గుపడి ఈ దారిని మూసుకునేవారు చాలామంది. విభాగం మూతపడింది, అందులో దాచవలసినది ఏమీ లేదు.

నిద్రలేమి గురించి చివరగా, అమ్మా, మళ్లీ మీతోనే. మనసులో ఉన్నది కాగితం మీద పెట్టడం కొందరికి సాయపడుతుంది: ఉద్యోగాలు పోయిన ఒక చిన్న బృందం మీద జరిపి 1994లో ప్రచురించిన అధ్యయనంలో, రోజుకు 20 నిమిషాల చొప్పున ఐదు రోజులు ఆ బాధ గురించి రాసినవారికి తక్కినవారికంటే త్వరగా పని దొరికింది. ఆయనకు ఇష్టమైతే ప్రయత్నించమనండి, బలవంతం చేయకండి. రెండు వారాలకు పైగా నిద్ర, ఆకలి సరిగా లేకపోతే, ఇష్టమైన పనులు కూడా మానేస్తే డాక్టరుకు చూపించండి, అది కుంగుబాటు కావచ్చు, దానికి చికిత్స ఉంది. బతకాలని లేదన్న అర్థం వచ్చే మాట ఒక్కటి అన్నా దాన్ని కోపంలో అన్నదిగా కొట్టిపారేయకండి. అలా అనిపిస్తోందా అని నెమ్మదిగా, నేరుగా అడగండి, ఆయనను ఒంటరిగా వదలకండి, ఆ రోజే వైద్యుని దగ్గరకు తీసుకువెళ్లండి.