వెన్‌చెంగ్ కథ రాస్తున్న అమ్మాయికి

అమ్మాయీ,

నీ కథ శ్రద్ధగా చదివాను. చైనా టాంగ్ వంశపు రాకుమారి వెన్‌చెంగ్‌ని ఎంచుకున్నందుకు చాలా సంతోషం. కానీ సగం కథ ఆమె ఏడుస్తూనే ఉంది. టిబెట్‌కు వెళ్లే దారిలో సూర్యచంద్ర పర్వతం దగ్గర ఆమె అద్దం పగలగొట్టడం అక్కడి జనం చెప్పుకునే కథ. దాన్ని జరిగినట్టు రాయకు, చెప్పుకుంటారనే రాయి.

641లో టిబెట్ రాజు సొంగ్‌త్సెన్ గాంపోకిచ్చి పంపిన ఈ పిల్ల టైజాంగ్ చక్రవర్తి కన్నకూతురు కాదు, రాజవంశంలో పుట్టిందంతే. అమ్మానాన్నలెవరో చరిత్రలో లేదు. నువ్వు ఒక తండ్రిని కల్పించి పేరు కూడా పెట్టావు. తీసెయ్. కన్నవాళ్ల పేరైనా రాయకుండా పిల్లను అంత దూరం పంపేశారన్న సంగతి నీ కల్పన కంటే ఎక్కువ బాధపెడుతుంది.

ఆ కాలపు చిత్రకారుడు యాన్ లిబెన్ వేసిన బొమ్మ చూశావా? దాని పాత నకలు బీజింగ్ ప్యాలెస్ మ్యూజియంలో ఉంది. పల్లకీ మీద చక్రవర్తి, చుట్టూ తొమ్మిదిమంది పరిచారికలు. ఎదురుగా డిజైన్లున్న పొడుగు అంగీలో, చేతులు జోడించి, పిల్లనడగడానికి వచ్చిన దూత గార్ తొంగ్‌త్సెన్. పిల్ల మాత్రం బొమ్మలో లేదు.

ఆమె మనసు కాస్త తెలిసేది ‘పాత టాంగ్ చరిత్ర’ అనే చైనా గ్రంథంలోని ఒక్క వాక్యంలో. టిబెటన్లు ముఖాలకు ఎర్రరంగు పూసుకోవడం ఆమెకు నచ్చలేదట, రాజు ఆ అలవాటు కొన్నాళ్లు మాన్పించాడట. రాసింది చైనావాళ్లు కాబట్టి అందులో కొంత గర్వం ఉంటుంది. అయినా అక్కడ ఒక మనిషి కనిపిస్తుంది. నీ కథలో ఆ వాక్యం ఊసే లేదు. పట్టుపురుగుల గుడ్లు, కాగితం చేసే పనివాళ్లు ఆమె వెంట వచ్చారని రాశావు. ఆ చరిత్ర ప్రకారం వాటిని అడిగింది రాజు, అదీ పెళ్లయిన కొన్నేళ్లకి. లాసాలోని జోఖాంగ్ గుడిలో ఉన్న శాక్యముని విగ్రహం ఆమె తెచ్చిందేనని టిబెటన్ల నమ్మకం, ఆమెను తారాదేవి అవతారంగా కొలుస్తారు కూడా. అది నమ్మకంగానే, గౌరవంగా రాయి.

650 ప్రాంతంలో భర్త పోయాడు. నీ కథ అక్కడితో ఆగిపోయింది. ఆమె 680 దాకా టిబెట్‌లోనే బతికింది! మన దేశానికి బయల్దేరిన భిక్షువు షువాన్‌జావ్‌కి సాయం చేసి సాగనంపిందని చైనా బౌద్ధ యాత్రికుడు ఇజింగ్ రాశాడు. 670లో దాఫెయ్‌చువాన్ దగ్గర టిబెట్ సేన టాంగ్ సేనను చిత్తుగా ఓడించింది. ఆ సేనను నడిపింది, ఆమెను అడగడానికి వచ్చిన గార్ కొడుకే. పుట్టింటికీ మెట్టినింటికీ మధ్య యుద్ధం. ఆ కబురు విన్నప్పుడు ఆమె ఏమందో ఎవరూ రాయలేదు. నీ కల్పనకు అక్కడ పూర్తి హక్కుంది.

కథ అక్కడే మొదలుపెట్టి మళ్లీ రాయి. భిక్షువు వచ్చిన సీన్ ముందుగా రాసి పంపు, చదవాలని ఆత్రంగా ఉంది.

ఆశీస్సులతో,
మీ మాస్టారు