తాతగారిచ్చిన ఎంజీబీకి రంగు వేయించే ముందు

చి. సంతోష్‌కు మావయ్య ఆశీస్సులు.

ఫోటోలన్నీ చూశాను. తాతగారు నీ చేతిలో పెట్టింది 1966 ఎంజీబీ రోడ్‌స్టర్, అంటే ఇంగ్లండులో తయారైన రెండు సీట్ల ఓపెన్ టాప్ కారు. నువ్వేమో అప్పుడే ఆటోనగర్ వెళ్లి రంగుకి కొటేషన్ తెచ్చుకున్నానని రాశావు. ఆ కాగితం మడిచి బీరువాలో పెట్టు, ఏడాది తర్వాత తీద్దువుగాని. ఈ బండికి రంగు ఆఖరి పని. మొదటి పని తలుపుల కింద ఉండే సిల్స్ చూడటం.

ఎందుకంటే జీపుకున్నట్టు దీనికి విడిగా చాసిస్ లేదు, పైన రేకు కప్పూ లేదు. ముందు సగాన్నీ వెనక సగాన్నీ కలిపి పట్టుకునే బరువంతా చాలావరకు ఆ రెండు సిల్స్ మీదే. ఒక్కో సిల్ నాలుగు రేకుల పెట్టె: బయటిది, లోపలిది, మధ్యలో నిలువు పలక, అడుగున ఒక పొడవాటి పట్టీ (రైల్). కంటికి కనపడేది బయటి రేకు ఒక్కటే. చాలాచోట్ల ఆ ఒక్కటే మార్చి, లప్పం పూసి, మెరిపించి ఇచ్చేస్తారు. లోపలి మూడూ బిస్కెట్లలా పొడిపొడిగా ఉంటాయి.

నీకు నువ్వే చూసుకో. పల్చటి గుడ్డలో చిన్న అయస్కాంతం చుట్టి సిల్ పొడవునా జరుపు. పట్టు వదిలిన ప్రతిచోటా లప్పం ఉన్నట్టే, అక్కడ సుద్దముక్కతో గీత గియ్యి. తర్వాత సిల్ కింద అడ్డంగా చెక్క పెట్టి జాకీ మెల్లగా ఎత్తు. తలుపు మునుపటిలాగే తెరుచుకోవాలి. తలుపు చుట్టూ సందు కంటికి తెలిసేలా మారినా, కరకరమని చప్పుడొచ్చినా వెంటనే దించెయ్యి. బండిని ఇంక సిల్ మీద ఎత్తకూడదు. మ్యాట్లు తీసి పెడల్స్ కింద ఫ్లోరు, సీట్ల వెనక బ్యాటరీ పెట్టెలు, వెనక స్ప్రింగులు తగిలించిన చోట్లు స్క్రూడ్రైవరుతో పొడిచి చూడు. ముందు మడ్‌గార్డుల లోపల, తలుపుకి ముందున్న మూలలో మట్టి పేరుకుంటుంది. విశాఖలో మీ ఎంవీపీ కాలనీ గాలిలో ఉప్పుంటుంది కదా, ఆ మట్టి తడి పీల్చుకుని ఏళ్ల తరబడి రేకుని తింటూనే ఉంటుంది.

సిల్ కోయాల్సొస్తే ఒక్కమాట గట్టిగా చెప్పు: ఒకేసారి రెండువైపులా కొయ్యొద్దు. బండి బరువు ముందు సస్పెన్షన్ మీద, వెనక యాక్సిల్ మీద స్టాండ్లు పెట్టి ఆపాలి. తలుపు హింజ్ దగ్గర్నుంచి లాక్ దగ్గరి వరకు 25 మిల్లీమీటర్ల చదరపు పైపు వెల్డింగ్ చేసి బిగించాకే కోత. కొత్త రేకు 18 గేజి, అంటే దాదాపు 1.2 మిల్లీమీటర్లు. మిగ్ వెల్డింగే (తీగ దానంతటదే అందే కరెంటు వెల్డింగు) చేయించు. గ్యాసు మంటకి రేకు అలలు అలలుగా లేచిపోతుంది. ఒక చివర్నుంచి ఇంకో చివరికి గీతలా లాగేయకుండా అక్కడో అంగుళం, ఇక్కడో అంగుళం టాకా వేస్తూ పోవాలి. అప్పుడప్పుడూ తలుపు బిగించి సందు చూసుకోవాలి. సందు చెడిన తర్వాత తలుపు అంచులు రాకి సరిపెడదామంటే ఒప్పుకోకు, తప్పు తలుపుది కాదు. అంతా అయ్యాక సిల్ లోపలికి మైనం స్ప్రే చేయించు. అడుగున నీళ్లు కారే కన్నాలు మాత్రం మూసుకుపోకూడదు.

రేకు బయటపడిన రోజే ఎపాక్సీ ప్రైమర్, అంటే తుప్పుని ఆపే అడుగు పూత, పడాలి. మన ఊళ్లో రాత్రి వదిలేస్తే తెల్లారేసరికి ఎర్రటి పొర పట్టేస్తుంది. రంగు పని జనవరి, మార్చి నెలల మధ్య పెట్టుకో. తుపాన్ల కాలంలో గాలిలో తడికి రంగు పాలిపోతుంది.

ఇంజను సంగతి. ఇందులో నీకు కలిసొచ్చే విషయం ఒకటుంది. 1798 సీసీ ఈ ఇంజనూ, మన పాత అంబాసిడర్‌లోని 1489 సీసీ ఇంజనూ ఒకే కుటుంబం, బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) వాళ్ల బి సిరీస్. స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) రెంటికీ 88.9 మిల్లీమీటర్లే, బోరు (సిలిండర్ వెడల్పు) మాత్రం వేరు. కాబట్టి అంబాసిడర్ టాక్సీలు విప్పిన పెద్దాయన ఎవరైనా కంచరపాలెం వైపు దొరికితే పట్టుకో, ఆయన చెయ్యి దీనికి సరిపోతుంది. పిస్టన్లు, హెడ్ గ్యాస్కెట్ మాత్రం సరిపోవు, "అడ్జస్ట్ చేసేద్దాం" అన్నా వద్దను. ఎంజీబీలు 1962 నుంచి 1980 దాకా ఐదు లక్షలకు పైగా తయారయ్యాయి. అందుకే ఇంగ్లండులో దీని సామాను ఇప్పటికీ కొత్తది దొరుకుతోంది.

ఏళ్లుగా ఆగిన ఇంజనుకి తొందరపడి సెల్ఫ్ కొట్టకు. నాలుగు ప్లగ్గులూ తీసి ఒక్కో సిలిండర్లో రెండు చెంచాలు ఇంజనాయిలూ డీజిలూ కలిపి పొయ్యి, మూడు రోజులు వదిలెయ్యి. తర్వాత టాప్ గేరులో పెట్టి బండిని ముందుకీ వెనక్కీ తొయ్యి. కదిలిందంటే బతికినట్టే. పాత ఆయిలు దించి, ఫిల్టరు మార్చి, 20డబ్ల్యూ50 ఇంజనాయిలు నాలుగుంబావు లీటర్లు పొయ్యి. ప్లగ్గులు లేకుండానే సెల్ఫ్ కొడుతూ ఆయిల్ ప్రెషర్ గేజి ముల్లు లేచేదాకా చూడు. అది లేచాకే ప్లగ్గులు. ఎన్‌జీకే బీపీ6ఈఎస్, గ్యాప్ 25 థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు). డిస్ట్రిబ్యూటర్‌లో పాయింట్ల సందు 15 థౌ, టాపెట్ల (వాల్వుల) సందు ఇంజను చల్లగా ఉన్నప్పుడు 15 థౌ. ఫైరింగ్ ఆర్డర్ 1-3-4-2.

ఇగ్నిషన్ వెయ్యగానే వెనకవైపు నుంచి టిక్ టిక్ అని వినపడాలి. అది ఎస్‌యూ కంపెనీ కరెంటు పెట్రోలు పంపు. కార్బరేటర్లు నిండగానే ఆ చప్పుడు ఆగిపోవాలి. ఆగకుండా కొడుతూనే ఉంటే ఎక్కడో గాలి లాగుతోంది, లేదా పెట్రోలు అందడం లేదు. అసలు చప్పుడే లేకపోతే పంపులో పాయింట్లు పట్టేశాయి. స్పానరు పిడితో చిన్నగా తడితే లేస్తుందిగానీ, అది ఆ పూటకే.

రెండు కార్బరేటర్ల మీద గంటల్లా ఉంటాయి చూడు, వాటి లోపలి పిస్టన్‌ని వేలితో పైకెత్తి వదులు. టక్కుమని కిందపడాలి. మెల్లగా జారినా, మధ్యలో ఆగినా లోపల మురికుంది, లేదా సూది వంగింది. కార్బరేటర్ అడుగున పెట్రోలు పాళ్లు సరిచేసే జెట్ నట్టు పూర్తిగా పైకి బిగించి, రెండు చుట్లు కిందికి తిప్పి మొదలుపెట్టు. వేడెక్కాక పక్కనున్న పిన్నుతో పిస్టన్‌ని ఇంత, గోరు మందమంత, ఎత్తు. స్పీడు పెరిగి అలాగే ఉంటే పెట్రోలు ఎక్కువ, ఇంజను ఆగిపోబోతే తక్కువ. ఒక్క క్షణం పెరిగి సర్దుకుంటే కుదిరినట్టు. నట్టు ఒక్కో పలక చొప్పునే తిప్పాలి. ఇప్పటి పెట్రోలులో ఇథనాల్ ఉంటోంది కాబట్టి పాత రబ్బరు గొట్టాలన్నీ తీసేసి ఇథనాల్ తట్టుకునే ఫ్లోరో రబ్బరువి వేయించు. ట్యాంకు నిండుగా ఉంచితే లోపల తడి చేరదు.

వైరింగులో ఈ బండి తిరకాసు పెడుతుంది. దీనిది పాజిటివ్ ఎర్త్. బ్యాటరీ పాజిటివ్ బాడీకి తగిలి ఉంటుంది. అలవాటు కొద్దీ ఎవరైనా తిరగేసి కలిపితే టాకోమీటరు (ఇంజను స్పీడు చూపే మీటరు) పాడవుతుంది. అందుకే బానెట్ లోపల పెద్ద అక్షరాలతో రాసి అతికించు. పైగా దీని వైరింగు చేసిన లూకస్ కంపెనీ వైర్ల రంగులు వేరు: గోధుమరంగు ఎప్పుడూ కరెంటు ఉండేది, తెలుపు ఇగ్నిషన్, ఆకుపచ్చ దాని ఫ్యూజు తర్వాతది, ఎరుపు పార్కింగ్ లైట్లది, నలుపు ఎర్త్. ఎరుపు కనపడగానే బ్యాటరీ వైరనుకుని పని మొదలుపెట్టే కుర్రాడి చేతికి ఇవ్వకు. లైటు మసగ్గా వెలిగితే బల్బు మార్చకముందు ఎర్త్ నట్టు కింద తుప్పు గీకు, సగం రోగాలు అక్కడే పోతాయి.

బోల్టులన్నీ అంగుళాలవి. అర అంగుళం నట్టుకి 13 నంబరు స్పానరు పట్టినట్టే పట్టి అంచులు తినేస్తుంది. ఒక ఏఎఫ్ (అంగుళాల కొలత) స్పానర్ల సెట్టు నువ్వే కొనుక్కుని షెడ్డులో పెట్టు.

బ్రేకుల్లో బేరం లేదు. ఒకటే సర్క్యూట్, ఒక్క గొట్టం పగిలితే నాలుగు చక్రాల బ్రేకూ పోతుంది. మాస్టర్ సిలిండర్, వీల్ సిలిండర్లు, రబ్బరు గొట్టాలు అన్నీ కొత్తవే. పాత గొట్టం పైకి బాగానే కనిపిస్తుంది, లోపల ఉబ్బి నూనెను వెనక్కి రానివ్వదు, చక్రం పట్టేసి వేడెక్కుతుంది. టైర్ల మీద చివరి నాలుగంకెలు తయారైన వారమూ సంవత్సరమూ. గీతలు ఎంత లోతుగా ఉన్నా పాతబడితే మార్చాల్సిందే. తీగల చక్రాలకి మధ్యలో రెక్కల నట్టు ఉంటుంది కదా, ఎడమవైపుది కుడికి తిప్పితే బిగుస్తుంది, కుడివైపుది ఎడమకి. ఎప్పుడైనా హబ్బులు అటూఇటూ మార్చి బిగించి ఉంటే నడుస్తుండగానే నట్టు ఊడొస్తుంది. విప్పిన రోజే చూసుకో.

కాగితాలు: పేరు మార్పుకి ఫారం 29, 30. బండి వేరే రాష్ట్రానిదైతే ఫారం 28తో ఎన్‌వోసీ. 50 ఏళ్లు దాటింది గనక 2021 నిబంధనల కింద వింటేజ్ రిజిస్ట్రేషన్ కూడా చేయించుకోవచ్చు. కొత్త రిజిస్ట్రేషన్‌కి ఫీజు 20,000, పదేళ్లు చెల్లుతుంది. అయితే దాంతో రోజూ ఆఫీసుకి వెళ్లడానికి వీల్లేదు. ప్రదర్శనలు, ర్యాలీలు, పెట్రోలు, రిపేరు, అంతవరకే. ముందు పాత ఆర్సీ దొరికిందో లేదో చెప్పు, పాత నంబరు నిలబెట్టుకునే దారుంది.

మొదటిసారి బయటికి తీసినప్పుడు భీమిలి రోడ్డెక్కాలని మనసు లాగుతుంది. వద్దు. కాలనీలోనే నాలుగు చుట్లు తిప్పి, ఆగి, నాలుగు హబ్బులూ చేత్తో తాకి చూడు. ఒకటి మాత్రమే వేడిగా ఉంటే ఆ బ్రేకు విప్పాలి. రెక్కల నట్లు మళ్లీ బిగించి, కింద ఒక పాత పేపరు పరిచి రాత్రంతా వదిలెయ్యి. పొద్దున్నే ఆ పేపరు మీద ఎక్కడెక్కడ చుక్కలు పడ్డాయో, ఏ రంగువో ఫోటో తీసి పంపు.

మీ
మావయ్య