మీ ప్రశ్న, మా జవాబు: ఓడెక్కించి పంపేసిన ఫిలాసఫర్లు

ప్రశ్న: చిన్నప్పుడు మా మావయ్య విశాలాంధ్ర నుంచి మాస్కోలో అచ్చయిన తెలుగు పుస్తకాలు తెచ్చేవాడండి, మంచి కాయితం, రంగు బొమ్మలు, ధర చూస్తే దాదాపు ఊరికే ఇచ్చినట్టు. ఆ సోవియట్ దేశమంటే అప్పట్నుంచీ ఓ అభిమానం. ఇప్పుడు మా అమ్మాయి ఏయూలో ఫిలాసఫీ చదువుతోంది, "నాన్నా, అక్కడ ఫిలాసఫర్లని ఓడెక్కించి తోలేశారు తెలుసా" అంటోంది. నిజమేనా? మరి అక్కడే ఉండిపోయినవాళ్లు ఏమయ్యారు?
(ఓ రిటైర్డ్ పోర్టు ఉద్యోగి, ఎంవీపీ కాలనీ)

జవాబు: నిజమేనండి, మీ అమ్మాయి కరెక్టుగా చెప్పింది. 1922 సెప్టెంబర్ నెలాఖర్లో పెట్రోగ్రాడ్ (ఇప్పటి సెయింట్ పీటర్స్‌బర్గ్) రేవు నుంచి ఒక జర్మన్ ఓడ బయల్దేరింది, అందులో నికొలాయ్ బెర్ద్యాయెవ్, సెమ్యోన్ ఫ్రాంక్, ఇవాన్ ఇల్యీన్ లాంటివాళ్లు భార్యాపిల్లలతో సహా ఉన్నారు, నవంబర్లో ఇంకో ఓడ, దాంట్లో నికొలాయ్ లోస్కీ, లెవ్ కర్సావిన్. కోర్టు లేదు, విచారణ లేదు. బట్టలు ఇన్ని జతలే అని లెక్క, మళ్లీ పర్మిషన్ లేకుండా తిరిగొస్తే కాల్చేస్తారని తెలుసు అని సంతకం. వీళ్లని కాల్చడానికి కారణం లేదు, అలాగని భరించలేం అని లెనిన్ ప్రభుత్వంలో పెద్ద నాయకుడు ట్రాట్స్కీ బయటి దేశం విలేకరికి చెప్పాడు కూడా. ఇదంతా స్టాలిన్ ఖాతాలో వేసేయడానికి లేదండి, లెనిన్ బతికుండగా, ఆయన పట్టుబట్టి చేయించిన పని. మీరు పోర్టులో పనిచేశారు కాబట్టి మీకు చెప్పక్కర్లేదు, ఓడెక్కినవాడు ఎన్నాళ్లకైనా తిరిగొస్తాడనే ఇంట్లోవాళ్లు ఎదురుచూస్తారు, బెర్ద్యాయెవ్ మాత్రం 1948లో పారిస్ పక్కన ఓ చిన్న ఊళ్లో రాసుకునే బల్ల దగ్గరే పోయాడు, సొంతూరు మళ్లీ చూడలేదు.

అయినా ఓడెక్కినవాళ్లే అదృష్టవంతులు అనాలి. కాకపోతే కర్సావిన్‌కి ఆ అదృష్టం కూడా నిలవలేదు. బయటికెళ్లాక లిథువేనియాలో ప్రొఫెసరుగా స్థిరపడ్డాడు, తర్వాత ఆ దేశాన్నే సోవియట్ యూనియన్ కలిపేసుకుంది, 1949లో అరెస్టు చేసి ఉత్తరాన ఆర్కిటిక్ దగ్గర్లో అబెజ్ అనే క్యాంపుకి పంపారు. అప్పటికే క్షయ. క్యాంపు ఆస్పత్రి మంచం మీదే పడుకుని పక్క ఖైదీలకి పాఠం చెప్పేవాడు, పద్యాలు కూడా రాశాడు, వానేయెవ్ అనే కుర్ర ఖైదీ ఆయన దగ్గర శిష్యరికం చేసి ఆ కాయితాలు దాచాడు. 1952లో ఆయన పోయాడు. అక్కడ ఖైదీ సమాధికి పేరుండదు, ఓ నెంబరు పలక అంతే. అందుకని పోస్టుమార్టం చేసిన డాక్టరు, ఆయనా ఖైదీయే, ఇది ఫలానా కర్సావిన్ దేహం అని వానేయెవ్ చేత రాయించిన కాయితాన్ని ఒక చిన్న సీసాలో పెట్టి, మూత బిగించి, ఆ సీసాని శవం లోపలే ఉంచి కుట్టేశాడు. ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకరు వెతుక్కుంటూ వస్తారని. నేను ఇది మొదటిసారి చదివిన రోజు ఇంక వేరే పని చెయ్యలేకపోయాను.

దేశంలోనే ఉండిపోయినవాళ్లలో పావెల్ ఫ్లోరెన్స్కీ ఉన్నాడు, చర్చి ఫాదర్, గణితం తెలిసిన మనిషి, కరెంటు ఇంజినీరింగ్ కూడా తెలిసినవాడు. సొలొవ్కీ దీవుల జైల్లో ఆయనకిచ్చిన పని సముద్రపు నాచు నుంచి అయోడిన్, అగర్ తీయడం, దాని మీద కూడా మనసుపెట్టి పరిశోధన చేసి, పిల్లలకి ఉత్తరాల్లో ఆ నాచు గురించి వివరంగా రాశాడు. 1937 డిసెంబర్లో కాల్చేశారు, ఇంట్లోవాళ్లకి అసలు తేదీ దశాబ్దాల దాకా తెలీదు. అలెక్సేయ్ లోసెవ్‌ని పురాణగాథల మీద రాసిన పుస్తకానికి 1930లో పట్టుకెళ్లి కాలవ తవ్వే క్యాంపులో పడేశారు, చూపు దెబ్బతింది, స్టాలిన్ పోయేదాకా సొంత పుస్తకం అచ్చు కాలేదు, ఆ తర్వాత చూపు లేకుండానే పక్కవాళ్ల చేత చదివించుకుంటూ, చెప్పి రాయిస్తూ, ప్రాచీన గ్రీకుల సౌందర్యశాస్త్రం మీద 8 సంపుటాలు పూర్తి చేశాడు. మిహయిల్ బఖ్తీన్‌ది ఇంకోరకం. అరెస్టు, కజక్‌స్తాన్‌లో ప్రవాసం, ఓ కాలు తీసేశారు, చివరికి సరాన్స్క్ అనే మారుమూల ఊళ్లో పంతులు ఉద్యోగం. 1960 ప్రాంతంలో మాస్కోలో ముగ్గురు కుర్రాళ్లు ఆయన పాత పుస్తకం చూసి, ఈ మనిషి ఎప్పుడో పోయుంటాడు అనుకున్నారు, బతికే ఉన్నాడని తెలిసి రైలెక్కి వెళ్లి కలిశారు, వాళ్లు తిరిగి తిరిగి ఎడిటర్లని ఒప్పిస్తేనే 1963, 1965లో ఆయన పుస్తకాలు బయటికొచ్చాయి. ఇవాళ ప్రపంచంలో సాహిత్యం చదివే ఏ యూనివర్సిటీలోనైనా ఆయన పేరు వినపడుతుంది.

మీ మావయ్య తెచ్చిన పుస్తకాల మీద ప్రేమ చంపుకోనక్కర్లేదండి. అవి నేనూ చదివాను, ఇప్పటికీ దాచుకున్నాను. కాకపోతే అదే కాలంలో అదే దేశంలో అచ్చు కానివ్వని పుస్తకాలూ ఉన్నాయి, మన దాకా రానిచ్చింది మొదటి రకం ఒక్కటే.

ప్రశ్న: సమిజ్‌దాత్ అంటే ఏంటి సార్? అదొక పార్టీ పేరా?
(డిగ్రీ స్టూడెంట్, గాజువాక)

జవాబు: పార్టీ కాదమ్మా. సమ్ అంటే స్వయంగా, ఇజ్‌దాత్ అంటే ప్రచురణ, మనకి మనమే అచ్చేసుకోవడం అన్నమాట. ప్రెస్సు, కాయితం, సెన్సారు అన్నీ గవర్నమెంటు చేతిలో ఉన్నప్పుడు మిగిలింది ఇంట్లో టైపు మిషనే. మీ అమ్మగారో నాన్నగారో టైపు ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్లుంటే అడుగు, కార్బన్ పెట్టి కొడితే నాలుగో కాపీ ఎలా ఉంటుందో, అక్షరాలు అలుక్కుపోయి మబ్బుగా ఉంటుంది. అలాంటి పల్చటి కాగితాల మీద పుస్తకాలకి పుస్తకాలు కొట్టేవాళ్లు, తీసుకున్నవాడు రాత్రంతా కూర్చుని చదివి పొద్దున్నే ఇంకొకరికి ఇచ్చేయాలి, వీలైతే తనూ ఇంకో నాలుగు కాపీలు కొట్టాలి. ఎవరిని అరెస్టు చేశారు, ఏ ఊళ్లో సోదా జరిగింది అని రాసే టైపు పత్రిక ఒకటి 1968లో మొదలై 1980ల మొదటి దాకా నడిచింది, దాని మొదటి ఎడిటర్ నతాల్యా గొర్బనేవ్‌స్కయా, చంటిపిల్లాడి తల్లి, ఆవిడని పిచ్చాసుపత్రిలో పెట్టారు.

అంతకుముందు స్టాలిన్ రోజుల్లో టైపు చెయ్యడం కూడా ప్రమాదమే. కవయిత్రి అన్నా అఖ్మతోవా కొడుకు జైల్లో ఉన్నాడు, గదిలో గోడలకి చెవులున్నాయని భయం. స్నేహితురాలు లిదియా చుకోవ్‌స్కయా వస్తే, చిన్న ముక్క మీద గబగబా పద్యం రాసిచ్చి, పైకి మాత్రం "ఈ ఏడు శరదృతువు తొందరగా వచ్చేసింది" అని గట్టిగా మాట్లాడేది, లిదియా చదివి బట్టీపట్టి కాయితం తిరిగిచ్చేది, వెంటనే అగ్గిపుల్ల గీసి యాష్‌ట్రేలో కాల్చేసేవాళ్లు. ఆ కావ్యం అలా కొంతమంది బుర్రల్లో మాత్రమే ఏళ్ల తరబడి ఉంది. మన దగ్గర వేదాన్ని, పద్యాన్ని నోటికి పట్టడం చూసినవాళ్లకి ఇది అర్థమవుతుంది, కాకపోతే అక్కడ నోటికి పట్టింది ప్రాణభయంతో.

ప్రశ్న: మార్క్సిజం చెప్పేవాళ్లకైనా అక్కడ స్వేచ్ఛ ఉండేదా? నేను నా చిన్నప్పట్నుంచీ ఎర్రజెండా మనిషిని, సూటిగా చెప్పండి.
(ద్వారకానగర్ పౌరగ్రంథాలయం పాఠకుడు)

జవాబు: సూటిగానే చెప్తాను అన్నయ్యా, ఉండేది కాదు. 1938లో స్టాలిన్ గతితార్కిక భౌతికవాదం (మార్క్సిజం వెనకున్న ఫిలాసఫీ) మీద ఓ అధ్యాయం రాశాక దేశం మొత్తానికి అదే ఫిలాసఫీ, లెక్చరర్ల పని అది అప్పజెప్పడం. ఎవాల్ద్ ఇల్యెన్‌కోవ్ అని ఒకాయన, బెర్లిన్ దాకా యుద్ధం చేసొచ్చిన సైనికుడు, మార్క్స్‌ని, హెగెల్‌ని ప్రాణంగా చదివినవాడు, 1954లో మాస్కో యూనివర్సిటీలో స్నేహితుడితో కలిసి ఒక మాట అన్నాడు, ఫిలాసఫీ పని ప్రపంచం గురించి సూత్రాలు వల్లించడం కాదు, ఆలోచన ఎలా పనిచేస్తుందో చూడటం అని. అంతే, ఇద్దరికీ అక్కడ పాఠం చెప్పే ఉద్యోగం పోయింది. మార్క్స్ మీద రాసిన పుస్తకాన్ని కూడా బాగా కత్తిరించాకే 1960లో వేశారు.

నాకు ఆయన మీద గౌరవం ఇంకో పని వల్ల. మాస్కో దగ్గర జగోర్స్క్‌లో (ఇప్పుడు దాని పేరు సెర్గియెవ్ పొసాద్) చూపూ వినికిడీ రెండూ లేని పిల్లల స్కూలు ఉంది, మెష్చెర్యాకోవ్ అనే సైకాలజిస్టు అక్కడ పనిచేసేవాడు. ఆ పిల్లలకి మొదట మాటలు నేర్పరు, చెంచా పట్టడం నేర్పుతారు. టీచరు పిల్లాడి వెనక నుంచి చెయ్యి మీద చెయ్యి వేసి చెంచా పట్టించి గిన్నెలోంచి నోటి దాకా తీసుకెళ్తారు, పిల్లాడి వేళ్లలో రవ్వంత సొంత కదలిక రాగానే టీచరు తన పట్టు అంతే వదులు చెయ్యాలి, వదలకపోతే పిల్లాడు బద్ధకంగా చెయ్యి అప్పగించేస్తాడు, ఎక్కువ వదిలితే చెంచా పడేస్తాడు. మనసు పుట్టేది ఇదిగో ఇక్కడే, మనుషులు చేసిన వస్తువుతో ఇంకో మనిషి చెయ్యి తోడుగా పనిచేసినప్పుడు అన్నాడు ఇల్యెన్‌కోవ్. అది నిజమైన మార్క్సిజం అని నేననుకుంటాను, ఏ పార్టీ పాఠ్యపుస్తకంలోనూ నాకు ఇంత బతికున్న వాక్యం దొరకలేదు. అలాంటి నలుగురు విద్యార్థులు ఆయన అండతో మాస్కో యూనివర్సిటీలో చేరి 1977లో డిగ్రీ తీసుకున్నారు. వాళ్లలో అలెగ్జాండర్ సువోరోవ్ తర్వాత సైకాలజీలో డాక్టరేట్ చేశాడు.

ఇల్యెన్‌కోవ్ 1979 మార్చిలో ఆత్మహత్య చేసుకున్నాడు. వయసు 55. ఏళ్ల తరబడి తను పనిచేసే ఇన్‌స్టిట్యూట్‌లో వేధింపులు, దిగులు. ఆయన ఇల్లు ఎప్పుడూ విద్యార్థులతో నిండి ఉండేది, ఆ చూపులేని పిల్లలు కూడా వచ్చేవాళ్లు, ఆయన చేతి స్పర్శని బట్టి గుర్తుపట్టేవాళ్లు.