తాడోబా నుంచి కార్బెట్ దాకా వెళ్లండి, ట్రక్కు మాత్రం ఇప్పుడే కొనకండి

ప్రశ్న: బల్లార్‌పూర్ దగ్గర బొగ్గు గనిలో పనిచేసి ఏప్రిల్‌లో రిటైరయ్యాను. పీఎఫ్, గ్రాట్యుటీ కలిపి 46 లక్షలు చేతికొచ్చాయి. ప్రస్తుతం బ్యాంకు ఎఫ్‌డీలో ఉన్నాయి. పెన్షన్ నెలకు 21,000. సొంతిల్లు, కారు ఉన్నాయి, అప్పుల్లేవు, పిల్లలు స్థిరపడ్డారు. ఒక పికప్ ట్రక్కు కొని, వెనక పడుకోవడానికి, వండుకోవడానికి వీలుగా క్యాంపర్ కట్టించుకుని, నేనూ మా ఆవిడా ఆర్నెల్లు నేషనల్ పార్కులు తిరగాలని ఉంది. తాడోబా, పెంచ్, కాన్హా, బాంధవ్‌గఢ్, పన్నా, చివరికి కార్బెట్. ట్రక్కుకీ, కట్టించడానికీ కలిపి 18 లక్షలు అవుతుందంటున్నారు. ఎఫ్‌డీ తీసి కొనేయమంటారా?

జవాబు: అన్నా, ప్రయాణం మానుకోమని నేను చెప్పను. ఏళ్ల తరబడి గనిలో చేసిన మనిషి అడవులు చూడాలనుకోవడం న్యాయమైన కోరిక. ఒంట్లో ఓపిక ఉన్నప్పుడే తిరగాలి కాబట్టి ఈ సీజన్‌లోనే వెళ్లండి. నా అభ్యంతరమంతా ట్రక్కు మీదే.

ముందు మీ పెన్షన్ సంగతి చూద్దాం. బొగ్గు గనుల పెన్షన్‌కి డీఏ, అంటే ధరలతో పాటు పెరిగే కరువు భత్యం, లేదు. ఇవాళ వచ్చే 21,000 పన్నెండేళ్ల తర్వాత కూడా 21,000గానే ఉంటుందనుకుని లెక్క వేసుకోవాలి. ధరలు ఏటా 6 శాతం పెరిగాయంటే ఆ పన్నెండేళ్లలో ఇంటి ఖర్చు రెట్టింపవుతుంది. మీ తర్వాత వదినకి వచ్చే ఫ్యామిలీ పెన్షన్ ఇంకా తక్కువ. ఆ లోటు పూడ్చాల్సింది ఈ 46 లక్షలే. నాకు టెన్షన్ అంతా ఇక్కడే.

అందుకని ఇలా చేయండి. 30 లక్షలు పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీంలో వేయండి. ఒకరి పేరు మీద అంతకు మించి వేయనివ్వరు. వడ్డీ 2023 ఏప్రిల్ నుంచి 8.2 శాతం ఉంది, మీరు వేసే రోజున ఉన్న రేటే ఐదేళ్లూ నడుస్తుంది. మూడు నెలలకోసారి 61,500 వస్తుంది, అంటే నెలకు 20,500. పెన్షన్‌తో కలిపి 41,500. ఆరు లక్షలు బ్యాంకులోనే ఉంచండి, ఆస్పత్రికో ఇంటి రిపేరుకో పనికొస్తాయి. ఇంకో ఆరు లక్షలు మ్యూచువల్ ఫండ్‌లో పెట్టి కనీసం ఏడెనిమిదేళ్లు మర్చిపోండి, ధరలతో పాటు పెరగాల్సిన సొమ్ము అదొక్కటే. మిగిలిన నాలుగు లక్షలు మీ ప్రయాణానికి.

ట్రక్కు కొంటే 28 లక్షలు మిగులుతాయి. బ్యాంకుకి ఆరు, ప్రయాణానికి నాలుగు తీసేస్తే వడ్డీకి పెట్టేది 18 మాత్రమే. నెలకు 20,500 రావాల్సిన చోట 12,300 వస్తుంది, మ్యూచువల్ ఫండ్‌కి పైసా మిగలదు. పైగా బండి విలువ ఏటా తరుగుతూనే ఉంటుంది. తర్వాత మనసు మారి కొందామని స్కీం నుంచి తీస్తే, ఏడాది దాటి రెండేళ్లలోపు అయితే అసలులోంచి 1.5 శాతం కోస్తారు.

ఇంతా చేసి కొన్న ట్రక్కు పార్కు లోపలికి రాదు. తెల్లవారుజామున తాడోబా మొహర్లీ గేటు దగ్గర చూడండి. సొంత బండ్లన్నీ బయటే ఆగిపోతాయి, పర్మిట్‌తో పాటు గుర్తింపు కార్డు చూపించి, దుప్పటి కప్పుకుని, గైడుతో జిప్సీలో, అంటే సఫారీకి తిప్పే ఓపెన్ జీపులో, కూర్చోవాల్సిందే. మిగతా పార్కుల్లోనూ అంతే. అడవిలో ఎక్కడ పడితే అక్కడ బండి ఆపుకుని రాత్రి పడుకోనివ్వరు. కార్బెట్‌లో ఢికాలాలో ఉండాలంటే అటవీ శాఖ గెస్ట్‌హౌస్ బుక్ చేసుకోవాలి. కాబట్టి క్యాంపర్ వల్ల మిగిలేది గేటు బయట గది అద్దె ఒక్కటే. సఫారీ ఖర్చు ఎలాగూ తప్పదు, మొత్తం ఖర్చులో పెద్ద ముక్క అదే. ఇద్దరే వెళ్తే జిప్సీ అద్దె మొత్తం మీ మీదే పడుతుంది, మరో జంటతో కలిసి వెళ్లండి.

డీజిల్ గురించి బెంగ వద్దు. కార్బెట్ వదిలేస్తే మిగతా చుట్టు 2,000 కిలోమీటర్లు అనుకోండి, లీటరుకు పది కిలోమీటర్లు, 95 రూపాయల లెక్కన 19,000.

ఇంకొకటి, వదినని అడిగారా? డిసెంబరులో కాన్హాలో తెల్లవారుజామున చలి సున్నా దగ్గరికి దిగుతుంది. ఆ చలిలో పడక మీంచి దిగి, నిచ్చెన మెట్ల మీదుగా బాత్‌రూం వెతుక్కుంటూ వెళ్లాలి. గనిలో అరిగిన మోకాళ్లకి అది చిన్న సంగతి కాదు. ఆర్నెల్లు ఆమెకి ఇష్టమైతేనే ఆర్నెల్లు.

ఈ ఏడాది ముందు ఓ మూడు వారాలు మీ కారులోనే వెళ్లండి. మొహర్లీలో మహారాష్ట్ర టూరిజం వాళ్ల ఎంటీడీసీ రిసార్ట్ ఉంది, పెంచ్, కాన్హా, బాంధవ్‌గఢ్‌లలో ఎంపీ టూరిజం వాళ్లవి ఉన్నాయి. తిరిగొచ్చాక కూడా క్యాంపరే కావాలనిపిస్తే అప్పుడు సెకండ్ హ్యాండ్‌లో చూద్దాం, ఎనిమిది లక్షలు దాటకుండా. పసుపు నంబరు ప్లేటు సరుకు బండి మాత్రం వద్దు. దానికి పర్మిట్, ఫిట్‌నెస్ బాధలుంటాయి, సరుకు పెట్టే చోట మనుషులు ప్రయాణించకూడదు. ఏ బండి అయినా ఆర్టీఓ అనుమతి లేకుండా బాడీ మార్చకూడదు, మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఉన్నది అందుకే. అనుమతి లేకుండా కట్టించి, దారిలో ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ వాళ్లు క్లెయిం తిరగ్గొట్టే వీలుంది. కట్టించేవాడు ‘ఏం కాదు సేఠ్’ అంటాడు, ఆ మాట నమ్మి అడ్వాన్స్ ఇవ్వకండి.

బయల్దేరే ముందు కోల్ ఇండియా మెడికల్ స్కీం కార్డు తీసుకుని, నాగపూర్, జబల్‌పూర్‌లలో అది ఏ ఆస్పత్రుల్లో చెల్లుతుందో రాసి పెట్టుకోండి. పోస్టాఫీసు ఖాతాలో వదిన పేరు నామినీగా పెట్టించండి. తాడోబా, మధ్యప్రదేశ్ పార్కుల కోర్ (లోపలి అడవి) గేట్లు అక్టోబరు 1న తెరుస్తారు, ఢికాలా నవంబరు మధ్యలో. నవంబరు సఫారీలకి ఆన్‌లైన్‌లో ఇప్పటి నుంచే చూసుకోండి. తాడోబాకి మంగళవారం సెలవు, కాన్హాలో బుధవారం మధ్యాహ్నం సఫారీ ఉండదు.